పెరళ్లు కలిసిన చోట: రష్యా, చైనాల నేల, జనం, సరిహద్దు

సరిహద్దుల చరిత్ర – 6

రష్యా విస్తీర్ణం సుమారు 1 కోటి 71 లక్షల చదరపు కిలోమీటర్లు. ప్రపంచంలో అంతకన్నా పెద్ద దేశం లేదు. దాని పక్కనే ఉన్న చైనా విస్తీర్ణం సుమారు 96 లక్షల చదరపు కిలోమీటర్లు. నేల మీద సరిహద్దు పంచుకునే పొరుగు దేశాలు రెండింటికీ పద్నాలుగేసి ఉన్నాయి. ఈ రెంటి నడుమ సరిహద్దు దాదాపు 4,200 కిలోమీటర్లు. అందులో ఓ యాభై కిలోమీటర్ల ముక్క మాత్రం పడమటి వైపు, కజకస్తాన్‌కూ మంగోలియాకూ మధ్య, ఆల్తాయ్ కొండల్లో ఉంటుంది. తక్కినదంతా మంగోలియాకు తూర్పున ఉంది. ఆ తూర్పు గీతలో ఎక్కువ భాగం నీటి మీదే నడుస్తుంది. అర్గున్, అముర్, ఉస్సూరి అనే మూడు నదులే అక్కడ గట్టు.

ప్రతి ఇంటికీ వీధి గుమ్మం ఒకటి, పెరడు ఒకటి ఉంటాయి. రాకపోకలు, అలంకారం, ఆదాయం గుమ్మం వైపు. అవసరానికి తప్ప అడుగుపడని జాగా పెరటి వైపు. రష్యా గుమ్మం పడమటికి, ఐరోపా వైపు తెరుచుకుంది. చైనా గుమ్మం తూర్పు, దక్షిణ సముద్రాల వైపు తెరుచుకుంది. అముర్ లోయ ఇద్దరికీ పెరడే. రెండు మహా దేశాల నాలుగు వందల ఏళ్ల స్నేహానికీ వైరానికీ మూలం ఈ పెరళ్లు కలిసిన తీరులో ఉంది. దాన్ని తెలుసుకోవాలంటే ముందు ఆ రెండు ఇళ్ల నిర్మాణం చూడాలి.

రష్యా: అడ్డంగా పరుచుకున్న నేల

రష్యా నేల పడమటి నుంచి తూర్పుకు పెద్ద పెద్ద పలకలుగా పరుచుకుని ఉంది. మొదటిది తూర్పు ఐరోపా మైదానం. 3,530 కిలోమీటర్ల వోల్గా ఈ మైదానం గుండా పారి కాస్పియన్ సముద్రంలో కలుస్తుంది. మైదానం దక్షిణాన చెర్నోజెమ్ అనే నల్లరేగడి ఉంది. రష్యా గోధుమకు అదే ఆదెరువు. ఆ తర్వాత ఉత్తర దక్షిణాలుగా 2,000 కిలోమీటర్లకు పైగా సాగే ఉరల్ కొండలు వస్తాయి. ఐరోపాకూ ఆసియాకూ సరిహద్దుగా పేరుపడినా ఇవి దాటరాని గోడలు కావు. వీటిలో అత్యున్నత శిఖరం కూడా 1,900 మీటర్లకు లోపే.

ఉరల్‌కు తూర్పున పశ్చిమ సైబీరియా మైదానం ఉంది. దాదాపు చదునుగా, నీరు ఇంకక చిత్తడిగా ఉండే నేల అది. యెనిసెయ్ నది దాటితే మధ్య సైబీరియా పీఠభూమి, లేనా నది దాటితే కొండల వరసలు, చివరికి పసిఫిక్ తీరం. పీఠభూమికి దక్షిణాన బైకాల్ సరస్సు ఉంది. దాని లోతు 1,642 మీటర్లు. భూమి మీద ద్రవరూపంలో ఉన్న ఉపరితల మంచినీటిలో సుమారు ఐదోవంతు ఈ ఒక్క సరస్సులోనే ఉంది.

సైబీరియా మహానదులు ఓబ్, యెనిసెయ్, లేనా మూడూ దక్షిణం నుంచి ఉత్తరానికి పారి ఆర్కిటిక్ సముద్రంలో కలుస్తాయి. వసంతంలో ఎగువన, దక్షిణాన మంచు ముందుగా కరుగుతుంది. అప్పటికి దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కరిగిన నీరు దారిలేక ఒడ్డుల మీదికి ఎక్కి ఏటేటా వరదవుతుంది. ఈ నదులు చేరే సముద్రం ఏడాదిలో ఎక్కువ కాలం మంచుతో మూసుకుపోయి ఉంటుంది. నైలు, గంగ, యాంగ్‌ట్సీ ఒడ్డుల్లో నాగరికతలు పెరిగినట్టు ఈ నదుల ఒడ్డున పెరగకపోవడానికి ఇదీ ఒక కారణం.

రష్యా నేలలో సుమారు అరవై శాతానికి పైగా శాశ్వత హిమనేల. అంటే భూమి పొరలు ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటాయి, వేసవిలో పైపొర మాత్రం కరుగుతుంది. యాకుత్స్క్ నగరంలో కట్టడాలను లోతుగా దించిన స్తంభాల మీద, నేలకు ఎడంగా నిలబెడతారు. లేకుంటే ఇంటి వెచ్చదనానికి కింది మంచు కరిగి గోడలు కుంగిపోతాయి. ఆ నగరం రాజధానిగా ఉన్న సఖా గణతంత్రం సుమారు 31 లక్షల చదరపు కిలోమీటర్లు. దాదాపు భారతదేశమంత నేల అది. అక్కడ ఉండే జనం సుమారు 10 లక్షలు, అంటే ఒక్క విజయవాడ నగరమంత.

రష్యా: పడమట చేరిన జనం

రష్యా మొత్తం జనాభా పద్నాలుగున్నర కోట్ల చిల్లర. అందులో ముప్పాతిక మంది ఉరల్‌కు పడమట, దేశపు నేలలో పాతిక వంతు కూడా లేని భాగంలో నివసిస్తారు. మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్, కజాన్, నిజ్నీ నోవ్‌గొరొద్ అన్నీ అక్కడివే. సైబీరియాలో జనం ఉన్నది దక్షిణపు అంచున ఒక సన్నని పట్టీలో. ఓమ్స్క్, నొవొసిబీర్స్క్, క్రస్నొయార్స్క్, ఇర్కుత్స్క్ నగరాలు రైలు పట్టాల వెంట పూసల్లా గుచ్చుకుని ఉన్నాయి. దేశంలో పదకొండు కాలమండలాలున్నాయి. మాస్కోలో మధ్యాహ్నం పన్నెండు గంటలైతే వ్లాదివోస్తోక్‌లో రాత్రి ఏడు.

2010 జనగణన లెక్కల్లో జనంలో దాదాపు 80 శాతం రష్యన్లు. మిగిలినవారిలో వోల్గా తీరపు తాతార్లు, బాష్కిర్లు, చువాష్‌లు, కాకసస్ కొండల్లో చెచెన్లు, దక్షిణ సైబీరియాలో బుర్యాత్‌లు, తువన్లు, ఉత్తరాన యాకూత్‌లు, రెయిన్‌డీర్ మందలతో తిరిగే ఎవెంకీలు ఉన్నారు. ఆర్థడాక్స్ క్రైస్తవంతో పాటు ఇస్లాం, బౌద్ధం కూడా అక్కడ శతాబ్దాలుగా వేళ్లూనిన మతాలు. బైకాల్ చుట్టుపక్కల బుర్యాత్‌లకు టిబెట్ బౌద్ధం మంగోలియా మీదుగా అందింది.

చైనా: మూడు మెట్ల దేశం

చైనా నేల మెట్లుగా దిగుతుంది. పడమటి నైరుతిలో టిబెట్–చింగ్‌హై పీఠభూమి మొదటి మెట్టు. దాని సగటు ఎత్తు 4,000 మీటర్లకు పైనే. దానికి ఉత్తరాన, తూర్పున ఉన్న రెండో మెట్టు ఎక్కువగా వెయ్యి నుంచి రెండు వేల మీటర్ల ఎత్తు. మంగోలియా అంచు గడ్డి మైదానాలు, పసుపు మట్టి పీఠభూమి, యున్నాన్ కొండలు, తక్లమకాన్ ఎడారి ఉన్న తారిమ్ పల్లం ఈ మెట్టులోవే. సిచువాన్ పల్లం కూడా ఇక్కడే ఉంది. మూడో మెట్టు 500 మీటర్లకు లోపు ఉండే తూర్పు మైదానాలు, చిన్న కొండలు. ఆ తర్వాత సముద్రం.

నేల పడమటి నుంచి తూర్పుకు వాలింది కాబట్టి మహానదులూ అటే పారతాయి. 6,300 కిలోమీటర్ల యాంగ్‌ట్సీ, 5,464 కిలోమీటర్ల హ్వాంగ్ హో మొదటి మెట్టు మీద పుట్టి మూడో మెట్టు చివర సముద్రంలో కలుస్తాయి. హ్వాంగ్ హో దారిలో పసుపు మట్టి పీఠభూమిని కోసుకుంటూ వస్తుంది. ఆ మట్టి మైదానంలో వండ్రుగా పేరుకుని నది అడుగు ఏటేటా పైకి లేస్తుంది. కట్టలు ఎత్తు చేసే కొద్దీ నది చుట్టుపక్కల పొలాలకన్నా ఎత్తున పారుతుంది. కట్ట తెగిందా, లక్షల ఎకరాలు మునుగుతాయి. 1850ల్లో ఆ నది దారి మార్చుకుని షాన్‌డోంగ్ ద్వీపకల్పానికి దక్షిణం నుంచి ఉత్తరానికి తన ముఖద్వారాన్ని తరలించుకుంది. ఆ మార్పు దెబ్బ తిన్న షాన్‌డోంగ్ రైతులే తర్వాతి కాలంలో అముర్ వైపు బయల్దేరారు.

చిన్‌లింగ్ కొండలనూ హ్వాయ్ నదినీ కలిపే గీత చైనాను ఉత్తర దక్షిణాలుగా విడదీస్తుంది. ఏటా 800 మిల్లీమీటర్ల వాన కురిసే హద్దు, జనవరి సగటు చలి సున్నా డిగ్రీలకు చేరే హద్దు, రెండూ దాదాపుగా ఆ గీత వెంటే ఉంటాయి. అందుకే దానికి ఉత్తరాన గోధుమ, జొన్న, కొర్ర పంటలు, దక్షిణాన వరి. ఉత్తరాదివారి కంచంలో గోధుమ సేమ్యాలు, ఆవిరి రొట్టెలు. దక్షిణాదివారి గిన్నెలో అన్నం.

చైనా: ఒక గీతకు ఇటు పక్క

1935లో హు హ్వాన్‌యోంగ్ అనే భూగోళ శాస్త్రవేత్త చైనా పటం మీద ఈశాన్య మూల నుంచి నైరుతి మూలకు ఒక గీత గీశాడు. ఈశాన్యాన అముర్ ఒడ్డునున్న ఐగున్ ఆ గీతకు ఒక కొస, బర్మా సరిహద్దు దగ్గరి టెంగ్‌చోంగ్ రెండో కొస. ఆనాటి లెక్కల ప్రకారం గీతకు ఆగ్నేయంగా 36 శాతం నేలలో 96 శాతం జనం ఉన్నారు. దేశపు ఎల్లలు మారాయి, విప్లవం వచ్చింది, కోట్లమంది నగరాలకు తరలిపోయారు. అయినా ఈనాటికీ పదింట తొమ్మిది మందికి పైగా ఆ గీతకు ఆగ్నేయాననే ఉన్నారు. వాన ఎక్కడ కురుస్తుందో మనిషి అక్కడే నిలిచాడని ఆ గీత చెబుతుంది.

2020 జనగణనలో చైనా జనాభా 141 కోట్లు. అందులో 91 శాతం హాన్ ప్రజలు. అధికారికంగా గుర్తించిన మరో 55 జాతులున్నాయి. జనసంఖ్యలో అవి తక్కువే అయినా టిబెటన్లు, ఉయ్‌గుర్లు, మంగోలులు తరతరాలుగా బతికిన నేల దేశంలో సగానికి దగ్గరగా ఉంటుంది. ఆ 55 జాతుల జాబితాలో రష్యన్లు కూడా ఒకరు. ఎవెంకీలు సరిహద్దుకు రెండు పక్కలా ఉన్నారు. అముర్, ఉస్సూరి తీరాల్లో చేపలు పట్టి బతికే జాతిని రష్యాలో నానాయ్ అంటారు, చైనాలో హెచె అంటారు. చేప తోలును మెత్తగా సాగగొట్టి బట్టలు కుట్టుకోవడం వారి పాత విద్య. రాజ్యాలు వచ్చి నదిని గట్టు చేయకముందు అది వారి ఊరి నడిమి బాట.

రష్యా పదకొండు కాలమండలాలు పెట్టుకుంటే చైనా 1949 నుంచి దేశమంతటికీ బీజింగ్ సమయమే పెట్టుకుంది. పడమటి కొసన ఉన్న షిన్‌జియాంగ్‌లో చాలామంది ఆ గడియారానికి రెండు గంటలు వెనక్కి తమ లెక్క తాము నడుపుకుంటారు.

అముర్: వాననీటి నది

షిల్కా, అర్గున్ నదులు కలిసిన చోట అముర్ పుడుతుంది. అక్కడి నుంచి దాని పొడవు 2,824 కిలోమీటర్లు. అర్గున్ ఎగువ పాయలను కలుపుకుంటే 4,400 కిలోమీటర్లు దాటుతుంది, మన గోదావరికి మూడింతలు. చైనీయులు దాన్ని హైలాంగ్‌జియాంగ్ అంటారు, అంటే నల్ల నాగేంద్రుడి నది అని అర్థం. ఎడమ నుంచి జేయా, బురేయా, కుడి నుంచి సుంగ్హువా, ఉస్సూరి వచ్చి కలుస్తాయి. ఖబరోవ్స్క్ దగ్గర నది ఉత్తరానికి తిరిగి, పూర్తిగా రష్యా నేల మీద పారి, సఖాలిన్ దీవికి ఎదురుగా సముద్రంలో కలుస్తుంది.

ఈ నది స్వభావం సైబీరియా నదులకు భిన్నం. పసిఫిక్ నుంచి వచ్చే రుతుపవనాలు ఇక్కడ వానలు కురిపిస్తాయి. అందుకే అముర్ వరద వసంతంలో కన్నా వేసవిలో, జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉధృతంగా ఉంటుంది. 2013 వేసవిలో ఖబరోవ్స్క్ దగ్గర నీరు అంతకుముందు ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. అయితే చలికాలం మాత్రం అసలైన సైబీరియాదే. బ్లాగోవెష్చెన్స్క్ నగరం, కీవ్ నగరం దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అయినా బ్లాగోవెష్చెన్స్క్‌లో జనవరి చలి సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన ఉంటుంది, జూలై వేడి ఇరవై డిగ్రీల పైన ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నది గడ్డకట్టి బాటగా మారుతుంది.

రెండు వాతావరణాలు కలిసిన ఈ అడవుల్లో దేవదారు జాతి చెట్ల మీదికి అడవి ద్రాక్ష తీగలు ఎగబాకుతాయి. ఉత్తరాది గోధుమరంగు ఎలుగుబంటి, ఆసియా పులి ఒకే అడవిలో తిరుగుతాయి. ప్రపంచంలో మంచులో బతికే పులులు దాదాపు అన్నీ ఇక్కడివే. లోయలో సారవంతమైన నల్లమట్టి ఉంది. చలికి గింజ పండని వేల మైళ్లు నడిచి వచ్చినవాడికి ఈ లోయ అన్నం గిన్నెలా కనిపించింది. తగాదా అక్కడ మొదలైంది.

బొచ్చు కోసం వచ్చి, గింజ కోసం దిగి

1582లో యెర్మాక్ నాయకత్వంలో కొసాక్కులు అనే రష్యన్ యోధులు ఉరల్ దాటి సైబీరియా ఖాన్ రాజధానిని పట్టుకున్నారు. వారిని ముందుకు నడిపింది సేబుల్ బొచ్చు. ముంగిసను పోలిన ఆ చిన్న జంతువు తోలుకు ఐరోపా బజార్లలో బంగారం ధర పలికేది. ఒక నదిలో పోయి, పడవలను భుజాన మోసి మరో నదిలో దించి, కూడళ్లలో కొయ్య కోటలు కట్టుకుంటూ వారు తూర్పుకు నడిచారు. స్థానిక జాతుల నుంచి బొచ్చు రూపంలో ‘యసాక్’ అనే పన్ను బలవంతంగా వసూలు చేశారు. 1587లో తొబోల్స్క్, 1632లో యాకుత్స్క్ వెలిశాయి. 1639 నాటికి మోస్క్విటిన్ బృందం పసిఫిక్ తీరానికి చేరింది. అరవై ఏళ్లు తిరక్కుండానే ఒక ఖండం దాటేశారు.

బొచ్చు దొరికింది, తిండి దొరకలేదు. యాకుత్స్క్‌లో పంట పండదు. గింజలు వేల మైళ్ల నుంచి రావాలి. దక్షిణాన దౌర్ అనే జాతి సేద్యం చేస్తుందని, అక్కడో మహానది ఉందని వార్త అందింది. 1643లో వసీలీ పొయార్కోవ్, 1649లో యెరొఫేయ్ ఖబరోవ్ అముర్‌లోకి దిగారు. స్నేహంగా ఎదురొచ్చిన గ్రామాల మీద కూడా దోపిడీ, హత్యలు సాగాయి. ఆ భయానికి దౌర్లు పొలాలు విడిచి దక్షిణానికి తరలిపోయారు. గింజ కోసం వచ్చినవారు గింజ పండించేవారినే వెళ్లగొట్టారు.

సరిగ్గా అదే కాలంలో, 1644లో, ఆ దక్షిణ నేలకే చెందిన మంచూలు బీజింగ్ గద్దె ఎక్కి చింగ్ వంశాన్ని నిలిపారు. చైనా మొత్తాన్ని లొంగదీసుకోవడంలో మునిగి ఉన్నవారికి తమ పుట్టింటి వెనుక ఎవరో కోటలు కడుతున్నారన్న సంగతి పట్టించుకునే తీరిక మొదట్లో లేదు. దక్షిణాది తిరుగుబాట్లు అణచిన తర్వాత కాంగ్షీ చక్రవర్తి అటు తిరిగాడు. 1685లో అముర్ మీది అల్బాజిన్ కోట పడింది. రష్యన్లు తిరిగొచ్చి కట్టుకుంటే 1686లో మళ్లీ ముట్టడి జరిగింది. పట్టుబడి బీజింగ్ చేరిన కొసాక్కుల సంతతి ‘అల్బాజినీయులు’ అన్న పేరుతో తరాల పాటు ఆ నగరంలో తమ క్రైస్తవాన్ని నిలుపుకున్నారు.

1689లో నేర్చిన్స్క్ దగ్గర రాయబారులు కూర్చున్నారు. రష్యా తరఫున ఫ్యోదర్ గొలోవిన్, చింగ్ తరఫున సోంగొతు. ఒకరి భాష ఒకరికి రాదు. చింగ్ పక్షాన దుబాసీలుగా ఉన్న ఇద్దరు జెసూయిట్ మతగురువులు పెరైరా, గెర్బియాన్ లాటిన్‌లో మాట నడిపారు. ప్రామాణిక ప్రతి కూడా లాటిన్‌లోనే రాశారు. అర్గున్ నది, స్తనొవోయ్ కొండల వరస గట్టుగా తేలాయి. అముర్ లోయ చింగ్‌కు దక్కింది, అల్బాజిన్ కోట కూలింది. రష్యాకు బీజింగ్‌తో వ్యాపారం చేసే దారి దొరికింది. మంగోలియా వైపు గాల్దాన్ ఖాన్‌తో యుద్ధం ముంచుకొస్తుండగా రష్యా అతనితో చేతులు కలపకుండా చూసుకోవడం కాంగ్షీకి ముఖ్యం. ఐరోపా రాజ్యంతో చింగ్ సామ్రాజ్యం చేసుకున్న మొదటి ఒడంబడిక ఇదే.

చాయ్ నడిచిన దారి

1727 క్యాఖ్తా ఒడంబడిక మంగోలియా వైపు సరిహద్దును తేల్చింది. బైకాల్‌కు దక్షిణాన క్యాఖ్తా సంతగా వెలిసింది. దానికి ఎదురుగా, చూపుమేర దూరంలో, చైనా వర్తకుల ఊరు మైమాచెంగ్. ఇటు నుంచి బొచ్చు, తోళ్లు పోయేవి. అటు నుంచి పట్టు, ఆ తర్వాత అన్నిటికన్నా ఎక్కువగా తేయాకు వచ్చేది. దక్షిణ చైనా తోటల నుంచి వచ్చిన ఆకు ఒంటెల బిడారుల మీద గోబీ ఎడారి దాటి క్యాఖ్తా చేరేది. ఇటుకల్లా అచ్చుపోసిన తేయాకు మంగోలియాలో, సైబీరియాలో నాణెంలా చెలామణి అయింది. రష్యా ఇళ్లలో తేనీటికి నీళ్లు కాచే సమోవార్ స్థిరపడింది.

ఆ దారి మన మాటలోనూ మిగిలింది. ఉత్తర చైనా ‘చా’ మాట నేల దారిన పోయి రష్యన్‌లో ‘చాయ్’ అయింది. అదే మాట పారశీకం మీదుగా హైదరాబాద్ ‘చాయ్’ అయింది. ఫూజియాన్ తీరపు ‘తే’ మాట డచ్చి ఓడలెక్కి సముద్రం మీద పోయి ఐరోపాలో ‘టీ’ అయింది. తెలుగు ‘తేయాకు’లో ఉన్నది ఆ రెండోది.

నేర్చిన్స్క్ నుంచి దాదాపు 170 ఏళ్లు అముర్ లోయ చింగ్ చేతుల్లో ఉంది, కాని ఖాళీగా ఉంది. మంచూలు తమ పుట్టినేలను ప్రత్యేకంగా కాపాడుకోదలచి 1668 నుంచి హాన్ రైతుల వలసను నిషేధించారు. మట్టి కట్టల మీద విల్లో చెట్లు నాటి హద్దు గీశారు. మంచూ యోధులేమో సైన్యంతో దక్షిణానికి పోయారు. సొంత కుటుంబం వెళ్లిపోయి, కౌలుకూ ఇవ్వని పొలంలా ఆ నేల మిగిలిపోయింది. కాపలా లేని పెరడు ఎంతకాలం నిలుస్తుంది?

1858, 1860: గట్టు జరిగింది

1847లో తూర్పు సైబీరియాకు నికొలాయ్ మురవ్యోవ్ గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. 1849లో నెవెల్స్కోయ్ అనే నౌకాధికారి సఖాలిన్ ఒక దీవి అని, అముర్ ముఖద్వారంలోకి సముద్రపు ఓడలు రాగలవని తేల్చాడు. ఒక్కసారిగా ఆ నది విలువ మారింది. సైబీరియా మహానదులన్నీ మంచు సముద్రంలోకి పోతుంటే పసిఫిక్‌కు దారిచ్చేది ఇదొక్కటే. క్రిమియా యుద్ధం నడుస్తుండగా 1854లో మురవ్యోవ్ పడవల దండును అముర్‌లోకి దించాడు. అడ్డుకునే శక్తి చింగ్‌కు లేదు. దక్షిణాన తైపింగ్ తిరుగుబాటు, తీరంలో రెండో నల్లమందు యుద్ధం దాన్ని పీల్చి పిప్పి చేస్తున్నాయి.

1858 మే నెలలో ఐగున్‌లో యిషాన్ అనే మంచూ సేనాని చేత మురవ్యోవ్ సంతకం చేయించుకున్నాడు. అముర్ ఎడమ గట్టు రష్యాకు పోయింది. బీజింగ్ దాన్ని ఒప్పుకోలేదు. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు బీజింగ్‌లో ప్రవేశించిన సమయంలో రష్యా దూత ఇగ్నాత్యెవ్ మధ్యవర్తిగా నిలిచి, ఆ మేలుకు ప్రతిఫలంగా బీజింగ్ ఒడంబడిక రాయించుకున్నాడు. ఐగున్ ఒప్పందం ఖాయమైంది. దానితో పాటు ఉస్సూరికి తూర్పున సముద్రం దాకా ఉన్న నేల కూడా పోయింది. ఒక్క యుద్ధమూ చేయకుండా రష్యా పొందిన భూమి సుమారు 10 లక్షల చదరపు కిలోమీటర్లు, మన రెండు తెలుగు రాష్ట్రాలకు మూడింతలకు పైన. అదే ఏడు ఆ తీరంలో వ్లాదివోస్తోక్ వెలిసింది. ఆ పేరుకు ‘తూర్పును ఏలు’ అని అర్థం.

చైనాకు జపాన్ సముద్రపు ఒడ్డు లేకుండా పోయింది. తుమెన్ నది ఒడ్డున ఫాంగ్‌చువాన్ దగ్గర చైనా నేల సముద్రానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఆగిపోతుంది. అక్కడి కొండ ఎక్కితే నీళ్లు కనబడతాయి, చేరే తీరం మాత్రం లేదు. చైనా బడిపిల్లలు ఈ రెండు ఒడంబడికలను ‘అసమాన ఒడంబడికలు’ అన్న పేరుతో చదువుకుంటారు. రష్యాలో మురవ్యోవ్‌కు ‘అముర్స్కీ’ అన్న బిరుదు దక్కింది.

రైలు పట్టాలు, రైతు మూటలు

పోగొట్టుకున్న తర్వాత చింగ్ పాలకులకు కళ్లు తెరుచుకున్నాయి. మనుషులు లేని నేలను పటం కాపాడదని తెలిసింది. 1860 నుంచి మంచూల పుట్టినేల అయిన మంచూరియాలో ఒక్కో ప్రాంతాన్నీ హాన్ రైతులకు తెరిచారు. హ్వాంగ్ హో వరదలు, 1876–79 నాటి భయంకర కరవు దెబ్బ తిన్న షాన్‌డోంగ్, హెబెయ్ రైతులు మూటలు కట్టుకుని ఉత్తరానికి నడిచారు. ‘చ్వాంగ్ గ్వాన్‌డోంగ్’ అని ఆ వలసకు పేరు. మహాకుడ్యపు తూర్పు ద్వారం దాటి చొచ్చుకుపోవడమని అర్థం. 1890ల నుంచి 1942 వరకు ఆ దారిన పోయినవారు రెండున్నర కోట్లు ఉంటారని చరిత్రకారుల అంచనా. చాలామంది కూలి డబ్బు కూడబెట్టుకుని తిరిగి వెళ్లారు, లక్షలాది కుటుంబాలు అక్కడే నిలిచాయి.

రష్యా కూడా జనాన్ని తెచ్చింది. నేల దారి ఎంత కష్టమంటే, 1883 నుంచి ఉక్రెయిన్ రైతులను ఒడెస్సా రేవులో ఓడ ఎక్కించి, సూయజ్ కాలువ, హిందూ మహాసముద్రం మీదుగా వ్లాదివోస్తోక్‌లో దించేవారు. 1891లో ట్రాన్స్ సైబీరియన్ రైలుమార్గం మొదలైంది. దారి దగ్గర చేయడానికి మంచూరియా గుండా తూర్పు చైనా రైల్వే వేశారు. దాని కూడలిలో 1898లో హర్బిన్ పుట్టింది. చైనా నేల మీద ఉల్లిపాయ గుమ్మటాల చర్చిలున్న రష్యన్ నగరం అది. 1916లో ఖబరోవ్స్క్ దగ్గర అముర్ మీద వంతెన పూర్తయ్యాక మాస్కో నుంచి వ్లాదివోస్తోక్ దాకా 9,289 కిలోమీటర్ల మార్గం పూర్తిగా రష్యా నేల మీదే నడిచింది. నేటికీ రష్యా పట్టాల వెడల్పు 1,520 మిల్లీమీటర్లు, చైనా పట్టాలది 1,435. సరిహద్దులో ప్రయాణికుల పెట్టెలను పైకి లేపి, కింద చక్రాల చట్రాలు మార్చి, మళ్లీ దించుతారు.

నది ఎర్రబడిన రోజులు

1900 జూలైలో, చైనాలో బాక్సర్ తిరుగుబాటు నడుస్తుండగా, బ్లాగోవెష్చెన్స్క్ నగరంలోని చైనీయులను కొసాక్కులు, పోలీసులు చుట్టుముట్టి అముర్ ఒడ్డుకు తోలారు. పడవల్లేవు. నీళ్లలోకి దిగి ఆవలి గట్టుకు పొమ్మన్నారు. దిగనివారిని నరికారు, కాల్చారు. కొన్ని వేల మంది చనిపోయారు. వారిలో చాలామంది ఆ నగరంలోనే కూలీలుగా, దుకాణదారులుగా ఏళ్ల తరబడి బతికినవారు. జేయా నది దగ్గర ఎడమ గట్టున మిగిలిన అరవైనాలుగు గ్రామాల మంచూ, చైనా ప్రజలను కూడా వెళ్లగొట్టారు. ఇరుగుపొరుగును శత్రువుగా చూడమని చెప్పిన మరుక్షణం ఊరు ఏమవుతుందో ఆ గట్టు చూసింది.

తర్వాత మంచూరియా జపాన్ కంట పడింది. 1904–05 యుద్ధంలో రష్యా ఓడింది. 1932లో జపాన్ అక్కడ మంచుకువో అనే కీలుబొమ్మ రాజ్యాన్ని నిలిపింది. 1937లో స్టాలిన్ ప్రభుత్వం సరిహద్దు ప్రాంతాల కొరియన్లను లక్షన్నర మందికి పైగా రైళ్లకెత్తి మధ్య ఆసియాకు తరలించింది. 1945 ఆగస్టులో సోవియట్ సేనలు దిగి జపాన్ పాలనను ముగించాయి. 1950లో రెండు కమ్యూనిస్టు దేశాలు మైత్రి ఒడంబడిక చేసుకున్నాయి. పదేళ్లు తిరిగేసరికి ఆ మైత్రి బీటలు వారింది.

1969 మార్చిలో ఉస్సూరి మీద చదరపు కిలోమీటరు కూడా లేని ఒక లంక కోసం తుపాకులు పేలాయి. రష్యన్లు దాన్ని దమాన్‌స్కీ అంటారు, చైనీయులు జెన్‌బావ్ అంటారు. మార్చి 2న, 15న జరిగిన పోరాటాల్లో రెండు పక్కలా సైనికులు చనిపోయారు. తగవు సరిహద్దు న్యాయానికి సంబంధించినది. నది సరిహద్దయినప్పుడు గీత నడిమి లోతు పాయలో ఉండాలన్నది చైనా వాదన. పాత పటంలో గీత చైనా గట్టు వెంటే ఉందన్నది సోవియట్ వాదన. రెండు అణ్వస్త్ర దేశాలు యుద్ధపు అంచుకు వచ్చాయి. సెప్టెంబరులో సోవియట్ ప్రధాని కోసిగిన్, చైనా ప్రధాని చౌ ఎన్‌లై బీజింగ్ విమానాశ్రయంలో కలిసి మాట్లాడాక వేడి తగ్గింది.

తేలిన గీత, తరుగుతున్న జనం

1991లో నడిమి పాయ సూత్రాన్ని సోవియట్ యూనియన్ అంగీకరించింది. జెన్‌బావ్ చైనాకు చేరింది. అదే ఏడాది చివర సోవియట్ యూనియన్ విడిపోయి, పడమటి సరిహద్దులో ఎక్కువ భాగం కజకస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్‌ల పాలైంది. 2004 ఒప్పందంతో ఖబరోవ్స్క్ ఎదుటి లంకల పంపకం కుదిరింది. 2008 అక్టోబరులో ఆఖరి గుర్తు రాళ్లు నాటారు. నేర్చిన్స్క్ నుంచి లెక్కిస్తే 319 ఏళ్లకు గీత పూర్తిగా తేలింది.

ఈనాడు గట్టుకు రెండు వైపులా నేల చాలా మారింది. హైలాంగ్‌జియాంగ్ రాష్ట్రంలో అముర్, సుంగ్హువా, ఉస్సూరి కలిసే చిత్తడి నేలను ఒకప్పుడు ‘ఉత్తరపు మహా బీడు’ అనేవారు. 1950ల నుంచి సైన్యం విడిచిన జవాన్లు, తర్వాత నగరాల నుంచి పంపిన యువకులు కాలువలు తవ్వి దాన్ని సాగులోకి తెచ్చారు. చైనాలో అన్నిటికన్నా ఎక్కువ ధాన్యం పండించే రాష్ట్రం ఇప్పుడు అదే. రష్యా వైపు జేయా–బురేయా మైదానంలో సోయా పండుతోంది. 2019 డిసెంబరు నుంచి ‘సైబీరియా శక్తి’ గొట్టంలో సఖా గణతంత్రపు సహజవాయువు చైనాకు పారుతోంది. 2022లో హైహే, బ్లాగోవెష్చెన్స్క్ నగరాల మధ్య రోడ్డు వంతెన, దిగువన టోంగ్‌జియాంగ్ దగ్గర రైలు వంతెన తెరుచుకున్నాయి. అముర్ మీద రెండు దేశాలనూ కలిపిన మొదటి వంతెనలు అవే. ఇప్పుడు ఐగున్ పట్టణం ఆ హైహే నగరపాలన కిందే ఉంది.

అయితే రెండు పెరళ్లూ సమానం కావు. నదికి ఉత్తరాన అముర్, యూదు స్వయంపాలిత, ఖబరోవ్స్క్, ప్రిమోర్యే ప్రాంతాలు నాలుగూ కలిపినా జనం 40 లక్షల పైచిలుకే. దక్షిణాన హైలాంగ్‌జియాంగ్ ఒక్కదానిలోనే 2020 జనగణనలో మూడు కోట్ల 18 లక్షల మంది ఉన్నారు. ఈ అంకెలు చూసి రష్యాలో చాలామంది, చైనా జనప్రవాహం గట్టు దాటి వస్తుందని భయపడ్డారు. ఆ ప్రవాహం రాలేదు. అదే హైలాంగ్‌జియాంగ్‌లో 2010లో ఉన్నవారు మూడు కోట్ల 83 లక్షలు. పదేళ్లలో 60 లక్షలకు పైగా తగ్గిపోయారు. పిల్లలు పుట్టడం తగ్గింది, యువకులు దక్షిణాది నగరాలకు, సముద్ర తీరానికి పోయారు. రష్యా వైపు కూడా సోవియట్ పతనం నుంచి జనం పడమటికి తరలిపోతూనే ఉన్నారు.

బొచ్చు, గింజ, రేవు, రైలు, ఇంధనం: ఏ కాలంలో ఏది కావాలంటే దాని కోసం రెండు దేశాలూ ఈ లోయకు మనుషులను పంపాయి. ఆ అవసరం మారిన ప్రతిసారీ మనుషులు తమ గుమ్మం వైపు తిరిగి నడిచారు. మూడు శతాబ్దాలు రక్తం చిందించి తేల్చుకున్న గట్టుకు ఇరువైపులా ఇప్పుడు ఊళ్లు పలచబడుతున్నాయి. తిరిగి వెళ్లడానికి వేరే గుమ్మం లేనివారు ఆ నదినే గుమ్మంగా చేసుకుని బతికిన నానాయ్, హెచె ప్రజలు. సంఖ్యలో కొద్దిమందే అయినా వారు రెండు గట్టుల మీదా ఉన్నారు.